పొన్నుత్తాయి వేయని కేక

కేకల పొన్నుత్తాయికి గొంతు పోయింది వసంతకోకిలం అమ్మ ఇచ్చిన తాంబూలం వల్లేనని మద్రాసు సాలిగ్రామంలో ఏ టీకొట్టు దగ్గర నిలబడినా చెబుతారు. 'ఇనుప ఆకలి' రెండో భాగం డబ్బింగు మొదలుపెట్టిన పూజ రోజున, అందరూ చూస్తుండగానే, కోకిలం అమ్మ తన డబ్బా తెరిచి ఆకు తీసి, సున్నం రాసి, మడిచి పొన్నుత్తాయి చేతిలో పెట్టిందట. ఆ మడతలో సింధూరం ఉందట. పాత నాటక కంపెనీల కాలం నుంచీ పాడేవాళ్ళ గొంతు తీయడానికి అదే మందు. సింధూరం లోపలికి పోతే మనిషి చావడు, గొంతు మాత్రం మెల్లగా తుప్పుపడుతుంది. ఎందుకు చేసిందంటే, ఆ సినిమాలో హీరోయిన్ గొంతు తనది కావాలని. అయింది కూడానట. చివరి రీలు చెప్పింది కోకిలమేనట.

చెప్పేవాళ్ళు కోకిలం అమ్మ ఆకు మడిచిన తీరు కూడా వేళ్ళతో చేసి చూపిస్తారు. నేను టీ తాగి గ్లాసు పెట్టేసి వచ్చేస్తాను.

ఆ డబ్బింగు థియేటర్లో నేను గుంపు గొంతుల్లో ఒకదాన్ని. తెర మీద జనం పరిగెత్తుతుంటే మేమంతా మైకు చుట్టూ నిలబడి "పారిపోండి", "దేవుడా", "నా బిడ్డ" అని అరుస్తాం. ఎనిమిదో తరగతి మధ్యలో బడి మానేసి మా పిన్ని వెంట ఈ పనిలోకి వచ్చాను. ఒక్కదాన్నే నిలబడి ఒక్క మాట చెప్పమంటే నాకు నోరు పెగలదు. గుంపులో అయితే వస్తుంది. అందుకే మాటలు రాసే మాస్టారు, పుగళేంది వాద్యార్, నాకు 'మూకీ' అని పేరు పెట్టాడు. ఆ పేరే నిలిచిపోయింది.

పొన్నుత్తాయి అక్కది ఉసిలంపట్టి అవతల కొండవార ఊరు. చిన్నప్పుడు జొన్నచేలో మంచె ఎక్కి పిట్టల్ని తోలిన గొంతు. పెళ్ళయ్యాక, షూటింగుల్లో లైట్లు మోసే మొగుడితో మద్రాసు వచ్చింది. మొగుడు మరో ఆడదానితో మరో ఊరు వెళ్ళిపోయాడు, గొంతు మిగిలింది. ఆ రోజుల్లో హీరోయిన్లకి మాట ఇచ్చే పెద్ద గొంతుల వాళ్ళు కేకలు వేసేవాళ్ళు కాదు. ఒక్క కేకతో గొంతు రాసుకుపోతే మర్నాటి పని పోతుంది. అందుకని మాటలన్నీ చెప్పి, కేక వచ్చేచోట మైకు ముందు నుంచి పక్కకి తప్పుకునేవాళ్ళు. అప్పుడు అక్క ముందుకొచ్చి, కొంగు నడుముకి దోపుకుని, కేక వేసి వెళ్ళిపోయేది. కోకిలం అమ్మ మాట్లాడిన హీరోయిన్లందరి కేకలూ అక్కవే.

"తెర మీద మొహం ఒకత్తిది, మాట ఒకత్తిది, కేక నాది," అనేది అక్క. "ఒక్క హీరోయిన్‌కి ముగ్గురం ఆడాళ్ళం కావాలి. నా మొగుడికి ఇద్దరితోనే సరిపోయింది, బుద్ధిమంతుడు."

మొదటి 'ఇనుప ఆకలి' మీద ఎవరికీ ఆశ లేదు. విదేశీ సినిమా, తెలిసిన మొహం ఒక్కటీ లేదు. పెద్ద గొంతు పెట్టడం దండగనుకున్నారు. పైగా హీరోయిన్ సినిమా అంతా అరుస్తూనే ఉంటుంది. "మొత్తం పొన్నుత్తాయికే ఇచ్చేయండి, కేకల మధ్యలో నాలుగు మాటలు కూడా అదే అంటుంది," అన్నాడు పుగళేంది వాద్యార్. అలా ఐడా అక్కకి దొరికింది. మొదలు నుంచి చివరి వరకూ అక్క గొంతులోనే ఉన్న మొదటి ఆడమనిషి ఐడా.

ఆ కథ ఇంతే. ఏదో గ్రహం మీద నేల కింద గని. పాడైన ఇనుమును వాసన పట్టి, ముక్కలు చేసి, కొలిమిలో పడేసే యంత్రం ఒకటి ఆ గనిలో తిరుగుతుంటుంది. గనిలో ఇనుమంతా అయిపోయిన రోజున అది మనుషుల వైపు తిరుగుతుంది. మనిషి నెత్తుట్లోనూ ఇనుము ఉంటుంది కదా. వెల్డింగు పని చేసే ఐడా ఒక్కతే బతికి బయటపడుతుంది. సినిమా అంతా పరుగు, కేక, మళ్ళీ పరుగు. అది ఆడిన ఊళ్ళలో టాకీసుల బయట లౌడుస్పీకరులో అక్క కేక పెట్టి ఆటకి జనాన్ని పిలిచారు.

ఆ సినిమా ఆడుతుండగానే అక్క గొంతు బొంగురుపోయింది. కషాయాలు తాగినా తగ్గలేదు. పెద్దాసుపత్రికి వెళితే గొంతులో పుండు, చెడ్డ పుండు అన్నారు. ఆ రోజు అక్క థియేటర్ వరండాలో కూలబడి ఏడ్చిన ఏడుపు వీధి చివర ఇస్త్రీ బండి దగ్గరికి వినిపించింది. అందరూ వచ్చారు. కోకిలం అమ్మ క్యారియరులో జావ తెచ్చేది. ఆసుపత్రిలో పుండుకి కరెంటు పెట్టించుకుని వచ్చిన రోజుల్లో అక్క మెడ కమిలిన వంకాయలా ఉండేది. తర్వాత తగ్గింది. గొంతు తిరిగొచ్చింది. అడుగున కొద్దిగా ఇసుక మిగిలినట్టు గరగర, అంతే.

"పుండు పోయింది వాద్యారే," అంది అక్క ఒకరోజు, మెడ తడుముకుంటూ. "చచ్చిందో, నిద్రపోతోందో డాక్టరు చెప్పలేదు."

అప్పుడు రెండో భాగం వచ్చింది.

పూజ అయిన వారంలో సగం సినిమా చెప్పేశారు. రీళ్ళు ఒక్కసారిగా రాలేదు. దొంగ క్యాసెట్లు వస్తాయన్న భయంతో విదేశీ కంపెనీ వాళ్ళు కొంచెం కొంచెంగా పంపుతున్నారు, చివరి రీలు చివర్నే అన్నారు. వచ్చినంతవరకూ చూసి వాద్యార్ తల పట్టుకున్నాడు. మధ్యాహ్నం వరండాలో శనగల సుండల్ పొట్లాలు విప్పుకుని కూచున్నాం. పైన రేకుల మీద కాకులు నడుస్తున్నాయి. టేకు తీసేటప్పుడు వాటిని తోలాలి, లేకపోతే వేరే గ్రహంలో కాకి అరుస్తుంది.

"రెండో భాగం అంటే ఏంది?" అన్నాడు వాద్యార్. "కొబ్బరి కోరి పిండితే మొదట వచ్చేదే పాలు. ఆ పిప్పిలోనే నీళ్ళు పోసి మళ్ళీ పిండితే వచ్చేది పేరుకి పాలు. ఇదీ అంతే. సగం సినిమా అయింది, ఒక్కడు చావలేదు. టికెట్టు కొన్నోడు కుర్చీలు చించుతాడు."

"వాద్యారే, మీరెప్పుడైనా వంటింట్లోకి పోయినారా?" అంది అక్క.

"నా పెళ్ళాం రానీదు."

"మంచి పని చేస్తోంది. కూర ఉడికేది రెండో పాలల్లోనే. చిక్కటి పాలు పోసి పొయ్యి మీద పెడితే విరిగి చస్తాయి. అవి దించే ముందు పోసేవి."

"ఓహో. ఇందులో ఉడికిందేంది? ఆ యంత్రాన్ని బాగు చేసినారు, పసుపు రంగేసినారు, మెడలో గంట కట్టి ఊరికి నీళ్ళు మోయిస్తన్నారు. పిల్లకాయలు దాని మీదెక్కి బడికి పోతన్నారు. ఆ ఐడా కూతురు కూడా! అది యంత్రమా, ఎద్దుబండా?"

అక్క నవ్వలేదు. పొట్లంలో శనగలు వేలితో కదుపుతూ కూచుంది.

"మొదటిదాంట్లో అది ఏందో ఐడాకీ తెలీదు, చూసే జనానికీ తెలీదు. అది మీదికొస్తే ఇద్దరూ కలిసి అరిచినారు. అరిస్తే భయం సగం బయటికి పోతుంది. నేను అరిచినదాన్ని, నాకు తెలుసు. ఇప్పుడు ఐడాకి తెలుసు. జనానికీ తెలుసు. ఊరికి తెలీదు. ఆ పిల్లకాయలు దాని మీద కూచుని పాటలు పాడతంటే నాకు కడుపులో చెయ్యి పెట్టినట్టుంది. ఒకడు చస్తే ఆ పట్టు వదిలిపోయేది. ఎవడూ చావడం లేదే, అదే భయం."

"మరి అరవదేం, అంత భయమైతే?"

"తెలిసినోళ్ళు అరవరు వాద్యారే. దాచుకుంటారు."

"ఏం దాచుకుంటారు?"

"ఊపిరి."

వాద్యార్ నా వైపు తిరిగాడు. "మూకీ, విన్నావా? రేపట్నించి మీ అక్క సినిమాలు తీస్తాదంట. నువ్వు హీరోయిన్. డబ్బింగు ఖర్చు మిగులుతుంది."

అందరూ నవ్వారు. ఆయన మాటలో తప్పు పట్టడానికీ లేదు. చిన్న ఊళ్ళ హాళ్ళలో తెర మీద మాట ఆగితే జనం ప్రొజెక్టరు చెడిందనుకుని ఈలలు వేస్తారు. అందుకే మా వాద్యార్లు ఖాళీ కనిపిస్తే ఊరుకోరు. హీరో వీపు తిప్పితే చాలు, ఆ వీపు మీద ఒక డైలాగు అతికిస్తారు. అసలు సినిమాలో మౌనంగా సిగరెట్టు కాల్చినవాడు మా భాషలో అమ్మని తలుచుకుంటాడు.

ఆ సాయంత్రమే గంట సీను చెప్పారు. ఐడా వంటింట్లో పళ్ళేలు కడుగుతుంటుంది. వీధిలోంచి గంట చప్పుడు వస్తుంది. రోజూ వచ్చేదే. ఈసారి ఆ గంట వెనక ఇంకేదో చప్పుడు ఉంటుంది, పళ్ళు నూరుకున్నట్టు, చాలా చిన్నగా. ఐడా చేతిలో పళ్ళెం ఆగుతుంది. బడి సంచీ తగిలించుకుంటున్న కూతురితో, వెనక్కి తిరక్కుండా, "ఇవాళ బడికి వద్దు," అంటుంది. అంతే.

అక్క ఆ మాట చెప్పింది. ఒక్క టేకులో పడింది. రికార్డిస్టు జ్ఞానశేఖరన్ అద్దం అవతల నుంచి బొటనవేలు చూపించాడు.

"ఒకసారి వినిపించు తంబీ," అంది అక్క.

వినిపించాడు. అక్క చెవులకి హెడ్‌ఫోన్లు పెట్టుకుని తల వంచుకుని వింది.

"ఇంకోసారి."

మళ్ళీ వినిపించాడు.

"ఇంకోసారి వెయ్యి."

"అక్కా, బాగా లేదా?" అన్నాడు జ్ఞానశేఖరన్. "అద్భుతంగా ఉందే. ఆ గరగర ఉంది చూడు, అదే ప్రాణం. ఏం చేసినావక్కా? ఈ వారంలో ఇంకా బాగా కుదిరింది. మొదటి భాగంలో ఐడా పిల్ల. ఇప్పుడు మనిషయింది."

"ఈ వారంలోనేనా?"

"అవునక్కా. పూజ రోజు టేకు పక్కన పెట్టి విన్నా తెలిసిపోతోంది."

అక్క హెడ్‌ఫోన్లు తీసి తగిలించింది. ఎర్రబల్బు ఇంకా వెలుగుతోంది. ఆమె చెయ్యి మెడ దాకా వచ్చి, మెడని తాకకుండా ఆగి, కిందికి దిగింది. ఆ గదిలో గోడలకి మెత్త అతికించి ఉంటుంది, ఎవరి ఊపిరి వాళ్ళకి వినిపిస్తుంది. తెర మీద ఐడా బొమ్మ పళ్ళెం పట్టుకుని అలాగే నిలిచిపోయి ఉంది. వాళ్ళిద్దరూ ఒక్కలాగే నిలబడ్డారని నాకనిపించింది. అప్పుడది ఎవరితోనూ అనలేదు.

మర్నాడు గుంపు గొంతులకి పని లేదు. అక్క మా గది దగ్గరికి వచ్చి, "లెయ్యే, నాతో రా," అంది.

"ఎక్కడికక్కా?"

"నువ్వయితే అడగవనుకున్నానే."

పెద్దాసుపత్రిలో అక్క నా వైపు కూడా తిరిగి చూడకుండా చీటీ రాయించే కిటికీ దగ్గరికి వెళ్ళిపోయింది. దారి తెలిసినదానిలా నడిచింది. చిన్న వయసు డాక్టరమ్మ గొంతులోకి గొట్టం పంపి చూసింది. ఒక ముక్క తీసి పరీక్షకి పంపింది. ఆ పరీక్ష ఫలితం వచ్చిన రోజున కూడా నేనే వెంట ఉన్నాను.

"మళ్ళీ వచ్చిందమ్మా," అంది డాక్టరమ్మ. "ఇక కరెంటు పెట్టడానికి లేదు. గొంతుపెట్టె తీసెయ్యాలి. మెడ కింద చిన్న రంధ్రం ఉంచుతాం. ఊపిరి అక్కణ్ణించే."

"మాట?"

"మామూలు మాట ఉండదు. తర్వాత మెల్లగా వేరే పద్ధతులు నేర్పిస్తారు."

"కేక?"

డాక్టరమ్మకి అర్థం కాలేదు. నా వైపు చూసింది. నేను నేల చూశాను.

"ఒక రీలు రావాలమ్మా," అంది అక్క. "చివరిది. అది చెప్పేసి వచ్చేస్తాను. అందులో ఒక మనిషి ఉంది. సగంలో వదిలేస్తే ఇంకెవత్తో వచ్చి దాని గొంతు మారుస్తుంది."

"ఎప్పుడొస్తుంది ఆ రీలు?"

"ఈ వారమో, వచ్చే వారమో."

"అది వస్తుందో రాదో మీకు తెలీదు. ఇది ముదురుతుందని నాకు తెలుసు," అంది డాక్టరమ్మ. "ఊపిరి అడ్డుపడే దాకా ఆగకండి."

బస్సులో అక్క కిటికీ పక్కన కూచుంది. మొదటిసారి ఏడ్చినట్టు ఏడుస్తుందని భయపడుతూ కూచున్నాను. ఏడవలేదు. వడపళని దగ్గర దిగేటప్పుడు, "ఎవరికీ చెప్పకే," అంది. "మొదటిసారి అందరికీ చెప్పి ఏడ్చాను. ఏం మిగిలింది? జావ మిగిలింది."

తర్వాత రోజులు చివరి రీలు కోసం చూడ్డంతోనే గడిచాయి. అక్క పొద్దున్నే వచ్చేది. "వచ్చిందా?" అని అడిగేది. రాలేదనేవాళ్ళు. అంతకుముందు చెప్పిన సీన్లలో చిన్న చిన్న దిద్దుబాట్లు ఉంటే చేసేది. ఒక మధ్యాహ్నం జ్ఞానశేఖరన్ టేకు మధ్యలో ఆపేశాడు.

"ఎక్కడో గాలి కారుతోంది," అన్నాడు. "సన్నగా ఈల. ఏసీ గొట్టం పగిలిందేమో."

గదిలోకి వచ్చి గోడలన్నీ తడిమాడు. గొట్టం మూతి దగ్గర అరచెయ్యి పెట్టి చూశాడు. తలుపు సందులో గుడ్డలు కుక్కించాడు. స్టూలెక్కి పైకప్పు దగ్గర చెవి పెట్టాడు. ఆ సేపంతా అక్క మైకు దగ్గరే నోరు మూసుకుని నిలబడింది. ఆయన వెతికే ఈల ఎక్కణ్ణించి వస్తోందో గదిలో ఇద్దరికే తెలుసు. ఆయన ఆమె పక్క నుంచి వెళ్ళినప్పుడల్లా ఆమె ఊపిరి బిగబట్టేది. ఈల ఆగేది.

"ఇప్పుడు పోయింది," అన్నాడు ఆయన సంతోషంగా. అద్దం అవతలికి వెళ్ళి కూచోగానే మళ్ళీ మొదలైంది.

మర్నాడు అక్క రాలేదు. ఊళ్ళో కులదేవతకి కొలుపు ఉందని, వెళ్ళి వస్తానని కబురు పెట్టింది. చేరింది ఆసుపత్రిలో. నేను అక్కడి వరండాలో చాప మీద పడుకునేదాన్ని. ఉసిలంపట్టి నుంచి వచ్చిన ఆమె తోడబుట్టినావిడ పగలు ఉండేది. ఆపరేషనుకి తీసుకెళ్ళే ముందు అక్క నా చెవి దగ్గర నోరు పెట్టింది. ఏదైనా చెబుతుందనుకున్నాను. ఊరికే ఊపిరి వదిలింది.

ఆమె ఇంకా మంచం మీద ఉండగానే చివరి రీలు వచ్చింది.

ఆ రీలు మేమంతా కలిసి చూశాం. యంత్రం ఊరి మీద పడింది. ఐడా కూతురిని పట్టుకుని నీళ్ళ గొట్టంలో దూరింది. బయట యంత్రం ఆగి వాసన పడుతోంది. ఐడా పిల్లని ఇంకో వైపు నుంచి పంపేస్తుంది. తర్వాత రేకు ముక్కతో తన అరచెయ్యి కోసుకుంటుంది. మొదటి భాగంలో అందరినీ చంపించింది ఏదో దాన్నే, తన నెత్తుటినే, నేల మీద చుక్కలుగా రాలుస్తూ కొలిమి వైపు నడుస్తుంది. గంట మోగించుకుంటూ యంత్రం ఆ చుక్కల వెంట వస్తుంది. పరుగు లేదు. మాట లేదు. ఆమె భుజాలు లేవడం, దిగడం. రీలు చివరి దాకా అదే. చీకట్లో కూచున్న మాలో ఒక్కరూ దగ్గలేదు.

లైట్లు వేశాక వాద్యార్, "అంతా ఖాళీ," అన్నాడు. ఆయన గొంతు కూడా మామూలుగా లేదు. "ఇంత ఖాళీ వదిలితే కంపెనీ వాళ్ళు నా ప్రాణం తీస్తారు. వీపు తిప్పి నడుస్తోంది కదా, నోరు కనపడదు. కేకలు పెడదాం. పొన్నుత్తాయి ఏది? ఇంకా కొలుపు అవలేదా? కోకిలం అమ్మని పిలవండి."

కోకిలం అమ్మ వచ్చింది. పట్టుచీర, వెండి డబ్బా, బుగ్గలో ఆకు. ఆకు ఉమ్మేసి వచ్చి మైకు ముందు నిలబడింది. జీవితంలో మొదటిసారి కేక వేసింది. అది కేకలా లేదు, ఎత్తుగడలోనే శ్రుతి కుదిరింది.

"అమ్మా, ఇది సీమంతం పాట కాదు," అన్నాడు వాద్యార్.

"నోర్ముయ్యి," అని మళ్ళీ వేసింది. మూడోసారి వేశాక గొంతు పట్టుకుని దగ్గింది. "ఇన్నేళ్ళూ ఆ పొన్ను దీన్ని ఎట్లా వేసిందిరా నాయనా," అంది.

అప్పుడు నేను చెప్పాను. గుంపు లేకుండా, ఒక్కదాన్నే, వాళ్ళందరి ముందూ. అక్క కొలుపుకి పోలేదని, ఎక్కడుందో, ఏం తీసేశారో చెప్పాను. ఎన్ని మాటల్లో చెప్పానో గుర్తులేదు. వాద్యార్ నన్ను మూకీ అనలేదు. కోకిలం అమ్మ డబ్బా మూత తెరిచి, ఏమీ తీసుకోకుండా మూసింది.

"దాని కేక నేను వెయ్యను," అంది. "నా కేకలన్నీ అది వేసింది. దానిది నేను వేస్తే తప్పు. రీలు అట్లాగే ఉండనీండి, అది లేచి వచ్చేదాకా."

"వచ్చి ఏం చేస్తుందమ్మా, గొంతే లేకపోయె!"

"వచ్చి చూస్తుంది. చూడనీ. ఆ ఐడా దానిది."

కంపెనీ వాళ్ళు రోజూ ఫోను చేశారు. వాద్యార్ రోజుకో అబద్ధం చెప్పాడు. ఒకరోజు ప్రొజెక్టరు లెన్సు పగిలిందన్నాడు, ఒకరోజు తన అత్తగారు పోయిందన్నాడు. అప్పటికే ఆవిడ రెండుసార్లు పోయింది.

అక్క వచ్చింది. సగం మనిషి అయింది. మెడ చుట్టూ పల్చటి తెల్లబట్ట. అందరూ లేచి నిలబడ్డారు. ఏం అనాలో తెలియక జ్ఞానశేఖరన్, "టీ తాగుతావా అక్కా?" అని, అన్నందుకు సిగ్గుపడ్డాడు. అక్క చేత్తో రీలు వెయ్యమని సైగ చేసింది.

వేశారు. ఐడా నడుస్తోంది. అక్క చూస్తోంది. కొలిమి తలుపు దగ్గర రీలు అయిపోగానే వేలు చుట్టి మళ్ళీ వెయ్యమంది. ఈసారి తెర దగ్గరికి వెళ్ళి ఐడా భుజాల మీద చెయ్యి పెట్టింది. భుజాలు లేచినప్పుడు చెయ్యి లేపింది, దిగినప్పుడు దించింది. తర్వాత ఇటు తిరిగి, మెడ మీద బట్ట అంచు వేలితో ఎత్తి చూపించింది. బొత్తాం కాజాలా చిన్న రంధ్రం. దాంట్లోంచి గాలి వచ్చి పోతోంది, ఎండిన తాటాకు మీద ఎవరో నడుస్తున్నట్టు.

జ్ఞానశేఖరన్‌కి ముందు అర్థమైంది. ఆవేళ గోడల్లో వెతికిన చప్పుడు అదేనని ఆయన మొహంలో తెలిసింది. మాట్లాడకుండా మైకు స్టాండు మర విప్పి, నోటి ఎత్తున ఉన్న మైకును మెడ ఎత్తుకి దించాడు.

"ఖాళీ..." అని మొదలుపెట్టిన వాద్యార్ సగంలో ఆపేసి, కాకుల్ని తోలడానికి తనే కర్ర పట్టుకుని డాబా ఎక్కాడు.

మొదటి టేకు పాడైంది. మెడ బట్ట మైకుకి రాసుకుంటోంది. తీసేస్తే చల్లగాలికి దగ్గు వస్తోంది. కోకిలం అమ్మ గదిలోకి వెళ్ళి అక్క వెనక నిలబడింది. రెండు చేతులతో బట్ట అంచులు పట్టుకుని, మైకుకి తగలకుండా ఎత్తి పట్టుకుంది. గాజులు తీసి నా చేతిలో పెట్టింది. రీలు అయిపోయేదాకా ఆమె చేతులు దించలేదు. తెర మీద ఐడా నడిచింది, వెనక గంట మోగింది, అక్క మెడలోంచి ఊపిరి వచ్చింది, పోయింది, వచ్చింది. చివర్న కొలిమి తలుపు మూసుకునేచోట ఐడా ఊపిరి బిగబట్టాలి. అక్క బిగబట్టింది. ఎంతసేపు బిగబట్టిందంటే, అద్దం అవతల జ్ఞానశేఖరన్ కుర్చీలోంచి లేచాడు. అప్పుడు వదిలింది.

సినిమా వచ్చాక నేను విల్లివాక్కం వైపు ఒక రేకుల హాల్లో చూశాను. మొదటి భాగానికి ఆ హాల్లో కేకలు, ఈలలు, అందరూ నవ్వుకుంటూ బయటికి వచ్చారు. రెండోదానికి చివరి రీల్లో ఈల వేసేవాడు లేడు. చంకలో పిల్లల్ని పెట్టుకున్న ఆడవాళ్ళు పిల్లల నోళ్ళు మూశారు, ఏడవకపోయినా. నా పక్కన కూచున్న పెద్దమనిషి తన మెడ పట్టుకుని కూచున్నాడు. పట్టుకున్న సంగతి ఆయనకే తెలియదు.

అక్క ఉసిలంపట్టి వెళ్ళిపోయింది. జొన్నచేల దగ్గర డబ్బా వాయించి పిట్టల్ని తోలుతోందట. పరీక్షకి వచ్చినప్పుడల్లా నేను వెంట వెళతాను. లోపల డాక్టరమ్మ మెడ తడుముతున్నంతసేపూ మేమిద్దరం ఒకరి మొహం ఒకరం చూసుకోం. మూడో భాగం కూడా తీస్తున్నారట. వాద్యార్ ఆ మాట అక్క ముందు అనడు.

సింధూరం మాట కోకిలం అమ్మ చెవిన పడింది. ఆమె కాదనలేదు. "అననీలే," అంది ఆకు మడుస్తూ. "విషం పెట్టేదాన్నని తెలిస్తే కుర్రపిల్లలు నా మైకు జోలికి రారు."

పూజ రోజు ఆమె ఇచ్చిన ఆకు అక్క వేసుకోలేదు. అక్కకి వక్క పడదు. కోకిలం అమ్మ నొచ్చుకుంటుందని కొంగున ముడేసుకుని, వరండాలోకి వచ్చాక నా చేతిలో పెట్టింది. దాన్ని తిన్నది నేను. లోపల గుల్కందు ఉంది.